కేరో: ఒక నదీసంగమ పట్టణపు జనసంఖ్య, జీవనాధారాలు (1860–2020)

వ్యాససంగ్రహం:

అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని ఇల్లినాయ్ రాష్ట్రపు దక్షిణపు కొసన, ఒహాయో నది మిసిసిపీలో కలిసేచోట ఉన్న చిన్న పట్టణం కేరో. 1920లో 15,203గా ఉన్న దీని జనాభా 2020 నాటికి 1,733కు తగ్గింది. నదీ రవాణా, రైలు రవాణా ప్రాధాన్యం కోల్పోవడం ఈ క్షీణతకు కారణమని ఒక వివరణ. 1969లో నల్లజాతి ప్రజలు చేపట్టిన వ్యాపార బహిష్కరణ కారణమని మరొక వివరణ. దశవర్ష జనగణన అంకెలను కాలక్రమంలో ఉంచి ఈ రెండు వివరణలను పరీక్షించడం ఈ వ్యాస లక్ష్యం. తొలి దశలో ఊరు విడిచినవారు ప్రధానంగా వెళ్ళగల స్తోమత ఉన్నవారని, చివరి దశలో ఊరు విడిచినవారిలో చాలామంది ఉండటానికి ఇల్లు లేకుండా పోయినవారని ఇందులో ప్రతిపాదించడమైనది.

కీలక పదాలు: జనగణన, వలస, నదీ రవాణా, జాతివివక్ష, ప్రభుత్వ గృహవసతి, గ్రామీణ అమెరికా.

1. ప్రవేశిక:

ఈ పట్టణం పేరును ఈజిప్టు రాజధాని పేరులాగే రాస్తారు. స్థానికులు మాత్రం 'కేరో' అని పలుకుతారు. రెండు మహానదుల నడుమ నాలుక వంటి పల్లపు నేల మీద ఉన్నందున ఊరి చుట్టూ కరకట్టలు కట్టారు. అలెగ్జాండర్ కౌంటీకి ఇది పాలనాకేంద్రం. పటం చూసినవారికి ఇక్కడ మహానగరం ఎందుకు వెలియలేదన్న సందేహం కలగడం సహజం. పందొమ్మిదో శతాబ్ది పెట్టుబడిదారులకు కూడా అలాగే అనిపించింది.

1818లో ఇక్కడ నగరం, బ్యాంకు స్థాపించడానికి చట్టబద్ధమైన అనుమతి లభించినా ఆ ప్రయత్నం ఫలించలేదు. 1837లో డేరియస్ హోల్‌బ్రుక్ నాయకత్వంలో ఏర్పడిన కంపెనీ లండన్‌లో బాండ్లు అమ్మి పెట్టుబడి సమకూర్చుకుంది. కొద్ది సంవత్సరాలలోనే అదీ కుప్పకూలింది. 1842లో ఈ ప్రాంతాన్ని చూసిన ఆంగ్ల నవలాకారుడు చార్లెస్ డికెన్స్ తన యాత్రా రచనలో దీనిని తీవ్రంగా నిరసించాడు. 'మార్టిన్ చజిల్‌విట్' నవలలోని ఈడెన్ అనే మోసపు పట్టణానికి కేరో మాతృక అని విమర్శకులు గుర్తించారు. నదీసంగమమనే భౌగోళిక అనుకూలత ఒక్కటే పట్టణాన్ని నిర్మించలేదని ఈ రెండు వైఫల్యాలు తెలియజేస్తున్నాయి. కేరోను నిలబెట్టింది రైలుమార్గం.

2. జనగణన అంకెలు:

పట్టణ జనాభా, దశాబ్దపు మార్పు కింది విధంగా ఉన్నాయి.

1860: 2,188
1870: 6,267 (186.4 శాతం పెరుగుదల)
1880: 9,011 (43.8 శాతం పెరుగుదల)
1890: 10,324 (14.6 శాతం పెరుగుదల)
1900: 12,566 (21.7 శాతం పెరుగుదల)
1910: 14,548 (15.8 శాతం పెరుగుదల)
1920: 15,203 (4.5 శాతం పెరుగుదల)
1930: 13,532 (11.0 శాతం తగ్గుదల)
1940: 14,407 (6.5 శాతం పెరుగుదల)
1950: 12,123 (15.9 శాతం తగ్గుదల)
1960: 9,348 (22.9 శాతం తగ్గుదల)
1970: 6,277 (32.9 శాతం తగ్గుదల)
1980: 5,931 (5.5 శాతం తగ్గుదల)
1990: 4,846 (18.3 శాతం తగ్గుదల)
2000: 3,632 (25.1 శాతం తగ్గుదల)
2010: 2,831 (22.1 శాతం తగ్గుదల)
2020: 1,733 (38.8 శాతం తగ్గుదల)

ఈ పట్టికలో మూడు అంశాలు గమనించదగినవి. మొదటిది, ఎదుగుదల 1920 వరకు ఆగలేదు. రెండవది, ఎడతెగని క్షీణత 1940 తరువాతనే మొదలైంది. మూడవది, క్షీణత ఒకే వేగంతో సాగలేదు. 1960–70, 2010–20 దశాబ్దాలలో అత్యంత తీవ్రంగా ఉండి, 1970–80లో దాదాపు నిలిచిపోయింది. కారణాలను చర్చించే ఏ వివరణ అయినా ఈ హెచ్చుతగ్గులకు సమాధానం చెప్పగలగాలి.

3. ఎదుగుదల దశ (1860–1920):

1850లలో ఇల్లినాయ్ సెంట్రల్ రైలుమార్గం కేరో వరకు పూర్తయింది. ఉత్తరాది ధాన్యం, దక్షిణాది పత్తి రైలు నుంచి పడవకు, పడవ నుంచి రైలుకు మారే స్థలంగా కేరో స్థిరపడింది. సరుకు దించడం, నిల్వచేయడం, తిరిగి ఎక్కించడం ప్రధాన వృత్తులయ్యాయి. 1861లో అంతర్యుద్ధం ఆరంభం కాగానే ఉత్తరాది సైన్యాలకు ఇది స్థావరమైంది. ఆ సెప్టెంబరులో యులిసిస్ గ్రాంట్ ఇక్కడ తన సైనిక కార్యాలయం నెలకొల్పాడు.

యుద్ధం తెచ్చిన మార్పు జనసమ్మేళనంలో మరింత స్పష్టం. నల్లజాతివారు వచ్చి స్థిరపడటాన్ని నిషేధిస్తూ ఇల్లినాయ్ 1853లో చట్టం చేసింది. ఆ చట్టం అమలులో ఉండగానే, దక్షిణాది బానిసత్వం నుంచి తప్పించుకున్న వేలమందికి కేరోలో సైనిక శిబిరం ఏర్పడింది. 1865లో చట్టం రద్దయింది. శిబిరానికి వచ్చినవారిలో కొందరు ఇక్కడే ఉండిపోయారు. 1900 నాటికి పట్టణ జనాభాలో మూడో వంతుకు పైగా నల్లజాతివారే. 1884లో వెలువడిన 'హకల్‌బెరీ ఫిన్' నవలలో హక్, జిమ్‌లు చేరుకోవాలనుకున్న ఊరు కేరో. బానిసత్వం నుంచి విముక్తికి ద్వారంగా ఈ పట్టణానికి ఉన్న పేరు ఆ కల్పనకు ఆధారం.

1872లో నిర్మాణమైన కస్టమ్స్ భవనం ఆనాటి వాణిజ్య స్థాయికి నేటికీ నిలిచిన సాక్ష్యం. అయితే ఈ సంపద పంపకంలోను, చట్టరక్షణలోను సమానత లేదు. 1909 నవంబరు 11న విల్ జేమ్స్ అనే నల్లజాతి వ్యక్తిని వేలమంది మూక హత్యచేసింది. ఆ ఘటనను ఐడా బి. వెల్స్ స్వయంగా వచ్చి విచారించింది. ఆమె వాదన విన్న గవర్నరు చార్లెస్ డెనీన్, ఖైదీని కాపాడలేకపోయిన షెరీఫ్‌ను తిరిగి పదవిలో నియమించడానికి నిరాకరించాడు. చట్టపరంగా ఇది విజయమే. పట్టణంలోని ఉపాధి, విద్య, నివాసాలలో వేర్పాటు మాత్రం తరువాత అర్ధ శతాబ్దం పాటు కొనసాగింది.

4. రవాణా వివరణ – దాని పరిమితి:

1889లో ఒహాయో నది మీద ఇల్లినాయ్ సెంట్రల్ వంతెన పూర్తయింది. అంతవరకు రైలుపెట్టెలను పడవల మీద నది దాటించేవారు. వంతెనతో ఆ పని అంతరించింది. 1905లో ఉత్తరాన థీబ్స్ వద్ద మిసిసిపీ మీద మరో రైలు వంతెన రావడంతో కొంత సరుకు కేరోను తాకకుండానే సాగిపోయింది. క్షీణతకు ఈ వంతెనలే మూలమని సాధారణంగా చెబుతారు.

జనగణన క్రమం ఈ వాదాన్ని పూర్తిగా బలపరచదు. మొదటి వంతెన తరువాత మూడు దశాబ్దాలలో జనాభా 10,324 నుంచి 15,203కు పెరిగింది. రెండవ వంతెన తరువాత కూడా పెరుగుదల మందగించిందే తప్ప ఆగలేదు. కలప, పత్తిగింజల నూనె వంటి పరిశ్రమలు ఆ లోటును కొంత పూడ్చాయి. 1929లో మిసిసిపీ మీద, 1930ల చివర ఒహాయో మీద రోడ్డు వంతెనలు ఏర్పడి మూడు రాష్ట్రాల వాహనాలు ఊరి గుండా సాగాయి. 1978లో అంతర్రాష్ట్ర రహదారి 57 వంతెన తెరుచుకున్నాక ఆ వాహనాలలో అధికభాగం ఊరిని పక్కకు తప్పించుకుపోయింది. హోటళ్ళు, పెట్రోలు బంకులు, దుకాణాల మీద దీని ప్రభావం తరువాతి దశాబ్దపు 18.3 శాతం తగ్గుదలలో కొంత కనిపిస్తుంది. కానీ అప్పటికే పట్టణం తన జనాభాలో అయిదింట మూడు వంతులు పోగొట్టుకుంది.

ఇరుగుపొరుగు పట్టణాలతో పోలిక ఈ పరిమితిని మరింత స్పష్టం చేస్తుంది. మిసిసిపీ ఎగువన ఉన్న కేప్ జిరార్డో 1920లో 10,252 జనాభాతో కేరో కంటే చిన్నది. 2020లో దాని జనాభా 39,540. ఒహాయో ఎగువన ఉన్న పడూకా అదే కాలంలో 24,735 నుంచి 27,137కు చేరింది. ఈ రెండింటికీ అవే నదులు, అదే ఆవిరి పడవల అస్తమయం. కేప్ జిరార్డోకు ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం ఉంది. పడూకాకు 1950లలో సమాఖ్య ప్రభుత్వపు యురేనియం శుద్ధి కర్మాగారం వచ్చింది. రవాణా మార్పు ముగ్గురికీ సమానమే అయినా, ఆ లోటును పూడ్చే ప్రభుత్వ పెట్టుబడి ముగ్గురికీ సమానంగా అందలేదు.

5. బహిష్కరణ వివరణ – కాలక్రమ పరీక్ష:

1962 వేసవిలో విద్యార్థి అహింసా సమన్వయ సంఘం కార్యకర్తలు, వారిలో జాన్ లూయిస్, కేరోలో ఈతకొలను వంటి బహిరంగ స్థలాలలో వేర్పాటుకు వ్యతిరేకంగా నిరసనలు నడిపారు. అందరికీ ప్రవేశం కల్పించడానికి బదులు ఈతకొలనునే మూసివేశారు. 1967 జులైలో రాబర్ట్ హంట్ అనే 19 ఏళ్ల నల్లజాతి సైనికుడు పోలీసు స్టేషనులో ఉరికి వేలాడుతూ కనిపించాడు. ఆత్మహత్య అన్న అధికారుల మాటను నల్లజాతి ప్రజలు నమ్మలేదు. అల్లర్లు చెలరేగి నేషనల్ గార్డు దళాలు దిగాయి. శ్వేతజాతీయులు 'వైట్ హ్యాట్స్' అనే సాయుధ దళాన్ని ఏర్పరచుకున్నారు. 1969లో ఛార్లెస్ కోయెన్ నాయకత్వాన ఏర్పడిన యునైటెడ్ ఫ్రంట్, నల్లజాతివారిని ఉద్యోగాలలోకి తీసుకోని దుకాణాలను బహిష్కరించింది. చాలామంది యజమానులు నియామకాలకు అంగీకరించే బదులు దుకాణాలు మూసుకున్నారు. 1972లో పౌరహక్కుల కమిషన్ ఈ పట్టణంలోనే విచారణ జరిపింది.

ఊరిని బహిష్కరణే చంపిందన్న మాట నేటికీ వినవస్తుంది. ఈ మాటను తేదీలతో పరీక్షించాలి. బహిష్కరణ ఆరంభమైంది 1969 ఏప్రిల్‌లో. ఆ తరువాతి జనగణన 1970 ఏప్రిల్ 1 నాటిది. అంటే 1960–70 మధ్య ఊరు కోల్పోయిన 3,071 మందిని ఆ చివరి ఒక్క సంవత్సరానికి ఆపాదించడం సాధ్యం కాదు. అంతకుముందు రెండు దశాబ్దాలలో 5,059 మంది తగ్గారు. బహిష్కరణ ఉధృతంగా సాగిన కాలం పడే 1970–80 దశాబ్దంలోనేమో తగ్గుదల 5.5 శాతం మాత్రమే. కాబట్టి బహిష్కరణ వ్యాపారకేంద్రం పతనాన్ని త్వరితం చేసి ఉండవచ్చుగానీ, జనాభా క్షీణతకు అది ఆది కాదు. జనంలో ఒక పెద్ద భాగానికి ఉద్యోగ ద్వారాలు మూసివేసిన వ్యవస్థకు ఎదురైన ఫలితాలలో అదొకటి.

6. ఎవరు వెళ్ళారు?

మొత్తం సంఖ్యల వెనుక జాతివారీ కూర్పును పరిశీలిస్తే చిత్రం మారుతుంది. 1970 ప్రాంతంలో నల్లజాతివారు పట్టణంలో ఇంచుమించు అయిదింట రెండు వంతులు. 2010 నాటికి వారి వాటా దాదాపు 70 శాతం. స్థూలంగా లెక్కిస్తే ఈ నలభై సంవత్సరాలలో నల్లజాతి జనసంఖ్య సుమారు 2,500 నుంచి 2,000కు తగ్గింది. ఇతరుల సంఖ్య సుమారు 3,800 నుంచి 850కి పడిపోయింది. తక్కిన చోట్ల ఇల్లు, ఉద్యోగం సంపాదించుకోగలవారు వెళ్ళారు. వారితోపాటు దుకాణాలు, పన్ను రాబడి వెళ్ళాయి. 1986లో ఆసుపత్రి మూతపడింది.

రాజకీయాధికారం చేతులు మారింది ఈ దశలోనే. వార్డులవారీ ఎన్నికలు 1980 నాటి న్యాయస్థాన పరిష్కారంతో వచ్చాయి. తొలి నల్లజాతి మేయరుగా జడ్సన్ చైల్డ్స్ 2007లో ఎన్నికయ్యాడు. ఓటుకు విలువ వచ్చేసరికి ఖజానాలో రాబడి మిగల్లేదు. 2000 జనగణన ప్రకారం కుటుంబ మధ్యస్థ వార్షికాదాయం సుమారు 21,600 డాలర్లు. దేశపు సంఖ్య సుమారు 42,000. జనాభాలో మూడో వంతు దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నారు. దేశంలో ఆ నిష్పత్తి 12.4 శాతం. సోయాచిక్కుడు శుద్ధి, నదీ రవాణా సేవలు, పాఠశాల, కౌంటీ కార్యాలయాలు మిగిలిన ప్రధాన ఉపాధి మార్గాలు.

7. చివరి పతనం (2010–2020):

2011 మే 2న సైనిక ఇంజినీర్ల దళం మిసౌరీ వైపున బర్డ్స్ పాయింట్ కరకట్టను పేల్చి, సుమారు 1,30,000 ఎకరాల సాగుభూమిని ముంచి, ఈ పట్టణాన్ని వరద నుంచి కాపాడింది. నీటి నుంచి కాపాడిన ఊరు అదే దశాబ్దంలో మునుపెన్నడూ లేనంత వేగంగా ఖాళీ అయింది. 2013 జనవరిలో కౌంటీలోని టామ్స్ కారాగారాన్ని రాష్ట్రప్రభుత్వం మూసివేసింది. స్థానిక గృహవసతి సంస్థ నిర్వహణ లోపాల వల్ల 2016లో సమాఖ్య గృహవసతి శాఖ దానిని స్వాధీనం చేసుకుంది. 1940ల నాటి ఎల్మ్‌వుడ్, మెక్‌బ్రైడ్ నివాస సముదాయాలు మరమ్మతుకు అందవని 2017 ఏప్రిల్‌లో ప్రకటించి, అక్కడి దాదాపు 400 మందిని ఖాళీ చేయించింది. వారిలో సగం మంది పిల్లలు. అద్దె సహాయపు పత్రాలు ఇచ్చారు కానీ, వాటితో ఊరిలో అద్దెకు తీసుకోదగిన ఇళ్లు దాదాపుగా లేవు.

ఈ దశాబ్దంలో పట్టణం కోల్పోయిన 1,098 మందితో పోలిస్తే 400 అనే సంఖ్య మూడో వంతుకు మించినది. నలభై సంవత్సరాలు నిలిచి ఉన్న నల్లజాతి సమాజం మీదనే ఈ దెబ్బ ప్రధానంగా పడింది. కౌంటీ జనాభా కూడా 8,238 నుంచి 5,240కి, అంటే 36.4 శాతం తగ్గింది. ఆ దశాబ్దంలో దేశంలోని కౌంటీలన్నింటిలో ఇదే అత్యధిక శాతం తగ్గుదల. 2010 లెక్కలలో ఖైదీలను కారాగారం ఉన్న చోటనే నివాసులుగా గణించినందున, కౌంటీ తగ్గుదలలో కొంత భాగం కారాగారం మూతకు చెందుతుందని గుర్తుంచుకోవాలి.

8. ముగింపు:

రవాణా మార్పు కేరో పునాదిని బలహీనపరచింది. అయితే క్షీణత ఎప్పుడు, ఎవరి మీద, ఎంత వేగంతో పడిందో అది చెప్పలేదు. 1960–70, 2010–20 రెండూ పట్టికలో ఒకే రకం తగ్గుదలలుగా కనిపిస్తాయి. మొదటిది ఊరిని పంచుకోవడానికి ఇష్టపడనివారు, వెళ్ళే వీలున్నవారు వెళ్ళడం. రెండవది ఉండాలనుకున్నవారికి నీడ లేకుండా పోవడం. ఈ రెండింటినీ 'జనాభా తగ్గుదల' అనే ఒకే శీర్షిక కింద చేర్చితే పట్టణ చరిత్రలోని బాధ్యతలు కనుమరుగవుతాయి.

2020లో ఇల్లినాయ్ ప్రభుత్వం కేరో వద్ద నదీ ఓడరేవు నిర్మాణానికి 4 కోట్ల డాలర్లు ప్రకటించింది. 1818, 1837లలో పెట్టుబడిదారులను ఆకర్షించిన నదీసంగమమే ఈ పథకానికీ ఆధారం. రేవు వస్తే పని వస్తుంది. ఆ పనిలో ఎవరికి చోటు దక్కుతుంది, పనిచేసేవారు ఊరిలో ఏ ఇంట్లో ఉంటారు అన్న ప్రశ్నలకు మాత్రం నదులు సమాధానం చెప్పవు. నూరేళ్ల జనగణన అంకెలు ఆ సమాధానాన్ని పాలకుల నిర్ణయాలలో వెదకమంటున్నాయి.