చక్కెర పూసిన మాత్ర



చేదు వార్తను కాస్త తీపి చేసి చెబితే ఇంగ్లీషువాళ్ళు "మాత్రకు చక్కెర పూశారు" అంటారు. పూర్వం ఐరోపాలో మందులు నూరేవాళ్ళు మాత్రలకు బంగారు రేకు, వెండి రేకు చుట్టేవారు. చక్కెర తరువాత వచ్చింది. మన ఇళ్ళలో చూర్ణాన్ని తేనెలో రంగరించి నాకించినట్టే.

హళ్ళిఖేడ్ (బి)లో ఈ మాట చెబితే పిల్లలు నవ్వుతారు. చెరకు బళ్ళూ, సహకార చక్కెర కార్ఖానా ఎరిగిన ఊరు మరి. అన్నట్టు, బి అంటే బుజుర్గ్, పెద్దదని. అయితే మన బీదరు జిల్లా కూడా ఒకప్పుడు ఒక చేదు మాత్ర మింగింది.

1955లో ఫజల్ అలీ సంఘం తెలుగు జిల్లాలతోపాటు బీదరును కూడా హైదరాబాదు రాష్ట్రంలోనే ఉంచమని చెప్పింది. ఆ మాట నిలవలేదు. 1956 నవంబరు 1న జిల్లా మూడు ముక్కలైంది. ఉద్గీర్, నీలంగా, అహ్మద్‌పూర్ బొంబాయి రాష్ట్రానికి పోయాయి. నారాయణఖేడ్ తాలూకా, న్యాల్కల్ సర్కిలు, జహీరాబాద్ తాలూకాలో చాలా భాగం ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. జహీరాబాద్‌లోని నిర్ణా సర్కిలును మాత్రం కోసి ఇటు కలిపారు. బీదరు, భాల్కి, సంతపూర్, మన హళ్ళిఖేడ్ ఉన్న హుమ్నాబాద్ మైసూరు రాష్ట్రానికి వచ్చాయి. కన్నడం, మరాఠీ, తెలుగు, ఉర్దూ కలగలిసిన జిల్లాను ఎలా కోసినా ఎవరో ఒకరికి నొప్పి తప్పదు. అందుకని అన్యాయమని నేననను.

చక్కెర పూత ఎక్కడంటారా? అదే రోజున ఏడవ రాజ్యాంగ సవరణ అమలులోకి వచ్చింది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందేందుకు తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని 350ఏ అధికరణం చెబుతుంది. వారి రక్షణలు ఎలా అమలవుతున్నాయో చూసి రాష్ట్రపతికి నివేదించే ప్రత్యేకాధికారిని నియమించాలంటుంది 350బి.

"ప్రయత్నించాలి" అన్న క్రియను గమనించండి. కల్పించి తీరాలని లేదు. అంతకుముందే, 1949లో, విద్యామంత్రుల సమావేశం ఒక లెక్క చెప్పింది: బడిలో నలభైమంది గాని, తరగతిలో పదిమంది గాని ఆ భాష పిల్లలుంటే ఒక ఉపాధ్యాయుణ్ణి వేయాలని. లెక్క మంచిదే. కానీ తొమ్మిదిమందే ఉంటే? పదో పిల్లవాడి తండ్రి ఇంగ్లీషు బడి వైపు చూస్తే?

అప్పుడు పిల్లలు కన్నడంలో చదువుతారు. చదవాలి కూడా, నేనూ కన్నడం చెప్పేవాణ్ణే. ఇంట్లో తెలుగు నోట ఉంటుంది, చేతికి రాదు. జహీరాబాద్ నుంచి శుభలేఖ వస్తే అవ్వ మనవడికిచ్చి చదవమంటుంది. అక్షరాలు కన్నడానికి దగ్గరివే కనుక వాడు తలకట్ల దగ్గర తడుముకుంటూ, కూడబలుక్కుంటూ చదువుతాడు. ముహూర్తం దాకా వచ్చేసరికి అవ్వ ఓపిక అయిపోతుంది.