నేరానికి ఎవరి ముఖం?

తెర మీద దొంగ కనిపించగానే వాడు ఏ జాతివాడో చూసేవాళ్లకు ముందే తెలిసిపోతుంది. ఈ అలవాటు ఒక్కరోజులో వచ్చింది కాదు. అమెరికాలో తొలినాటి హాలీవుడ్ నేర చిత్రాలను చూస్తే ఇది ఎలా పెరిగిందో అర్థమవుతుంది.

1915లో డిమిల్ తీసిన 'ది చీట్' సినిమాలో జపాన్‌లో పుట్టిన సెస్సూ హయకావా ధనవంతుడైన వ్యాపారి. డబ్బిచ్చి, ఆ సాకుతో ఒక తెల్ల స్త్రీ భుజం మీద వాత పెడతాడు. అమెరికాలోని జపనీయులు నిరసన తెలిపారు. 1918లో ఆ సినిమాను మళ్లీ విడుదల చేసినప్పుడు అతన్ని బర్మా వాడిగా మార్చారు. దుర్మార్గం అలాగే ఉంది, జాతి పేరు మాత్రం మారింది. అమెరికాలో బర్మా వాళ్లు పెద్దగా లేరు. అడిగేవాళ్లు లేని జాతి మీదికి నేరాన్ని నెట్టడం ఎంత సులువో చూడండి. అదే ఏడాది హయకావా సొంత చిత్ర సంస్థ పెట్టుకున్నాడు.

మంచి పాత్ర వచ్చినా అది ఆ జాతివాళ్లకు దక్కలేదు. చార్లీ చాన్ హోనోలులులో ఉండే తెలివైన చైనా డిటెక్టివ్. 1931లో ఆ వేషం స్వీడన్‌లో పుట్టిన వార్నర్ ఓలాండ్‌కు ఇచ్చారు. అదే ఏడాది ఇంకో సినిమాలో క్రూరుడైన ఫూ మంచు కూడా అతనే. చైనా మంచివాడూ తెల్లవాడే, చైనా చెడ్డవాడూ తెల్లవాడే! 1935లో చాన్ కొడుకుగా నిజమైన చైనా నటుడు కీ ల్యూక్ వచ్చాడు. తండ్రి మాత్రం ఓలాండే.

అయినా దారి వెతికినవాళ్లు ఉన్నారు. నల్లజాతి దర్శకుడు ఆస్కార్ మిషో ఒకప్పుడు వ్యవసాయం చేశాడు, తన నవలలు తానే అమ్ముకున్నాడు. 1919 నుంచి తనవాళ్ల కోసం సినిమాలు తీశాడు. 1935 నాటి 'మర్డర్ ఇన్ హార్లెమ్'లో ఒక నల్లజాతి కాపలాదారు మీద తెల్ల స్త్రీని చంపాడన్న నింద పడుతుంది. అతని పక్షాన నిలిచే వకీలు కూడా నల్లజాతివాడే. 1937లో వచ్చిన 'డాటర్ ఆఫ్ షాంఘై'లో అన్నా మే వాంగ్ తన తండ్రిని చంపిన మనుషుల రవాణా ముఠాను వెంటాడుతుంది. కొరియా సంతతికి చెందిన ఫిలిప్ ఆన్ అందులో ప్రభుత్వ డిటెక్టివ్. ఇద్దరూ నేరాన్ని పట్టుకునేవాళ్లే. గంటసేపు నడిచే ఈ చిన్న సినిమాను 2006లో అమెరికా జాతీయ చలనచిత్ర జాబితాలో చేర్చి భద్రపరిచారు.

ఇదంతా మనకెందుకు? బ్రిటిష్ పాలనలో నేరస్థ జాతుల చట్టం మన ఎరుకలవారిని పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసింది. ఆ చట్టం 1952లో రద్దయింది. కానీ కాగితం మీద కొట్టేసిన మాట మనుషుల నోళ్లలో అంత తొందరగా చెరగదు. హయకావా మీద సినిమా వేసిన ముద్రా, ఎరుకలవారి మీద చట్టం వేసిన ముద్రా ఒకే రకం. మనిషి చేసిన పనిని చూడకుండా పుట్టుకను చూసి వేసినవే.

కాబట్టి ఉపాధ్యాయ మిత్రులకు మేము కోరేది ఇదే. పిల్లలు సినిమా చూసి వచ్చాక మూడు ప్రశ్నలు అడగండి. దొంగ ఎవరు? ఆ వేషం ఎవరు వేశారు? ఆ కథ ఎవరు రాశారు? మూడో ప్రశ్నకు జవాబుగా ఏదో ఒకరోజు మన పిల్లల పేరు రావాలి.