పిడికెడు పిండితో నడిచిన బళ్లు

మా చిన్నప్పుడు వంటింట్లో బియ్యం డబ్బా పక్కన ఇంకో చిన్న డబ్బా ఉండేది. అమ్మీ ఎసరు పెట్టి, కడగబోయే బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి అందులో వేసేది. నెలాఖరుకు మదర్సా పిల్లలు సంచీ పట్టుకొచ్చి తీసుకుపోయేవాళ్లు. ఇది మా మొహల్లా రివాజు మాత్రమే అనుకునేవాణ్ణి. లాహోర్‌లో ఇదే ముఠ్ఠీతో ఏకంగా ఇస్కూళ్లే నడిపారని చాలా ఏళ్ల తర్వాత చదివాను.

అది 1884. లాహోర్ మోచీ దర్వాజా లోపలి ఒక మసీదులో కొందరు కూర్చుని అంజుమన్ హిమాయతె ఇస్లాం పెట్టారు. ఎక్కువమంది మధ్యతరగతి వాళ్లే. మిషనరీల బళ్లు పెరుగుతున్నాయి. మన పిల్లలకు దీనీ తాలీంతో పాటు దునియా తాలీం కావాలి, యతీములకు ఆసరా కావాలి. ఇదీ వాళ్ల ఫికర్. మరి పైసలు?

ఇల్లిల్లూ తిరిగి ఔరతులను ఒక్కటే అడిగారు. రొట్టెలకు పిండి కలిపే ముందు ఒక పిడికెడు పక్కన పెట్టండి, చాలు. అంజుమన్ మనుషులు గడపగడపకూ వెళ్లి ఆ ఆటా పోగుచేసి అమ్మేవాళ్లు. వచ్చిన రఖం తాలీంకు వెళ్లేది. పర్దాలో ఉండి జల్సాకు రాలేని, చందా పట్టీ మీద పేరు లేని ఔరతులు ఆ బళ్లను మోశారు. తారీఖ్ కితాబుల్లో మనకు సదర్ల పేర్లు దొరుకుతాయి గానీ ఈ పిండి కలిపిన చేతుల పేర్లు ఎక్కడా దొరకవు.

ఆ పైసలతో ఏం చేశారన్నది ఇంకా గొప్ప బాత్. 1885 నాటికే ఆడపిల్లలకు బళ్లు తెరిచారు. సర్ సయ్యద్ లాంటి పెద్దమనిషే ముందు మగపిల్లల చదువు, ఆడపిల్లలది తర్వాత చూద్దాం అన్న రాయ్ మీద ఉన్న రోజులవి. పిల్లలకు సరిపడే ఉర్దూ వాచకాలను అంజుమన్ తానే రాయించి అచ్చువేయించింది. 1892లో ఇస్లామియా కాలేజీ వచ్చింది. ఏటా జరిగే జల్సాకు జనం పోటెత్తేవాళ్లు. 1900 జల్సాలో ఇక్బాల్ అనే కుర్ర షాయర్ యతీముల మీద నజ్మ్ చదివింది ఈ అంజుమన్ స్టేజీ మీదే.

ఇదంతా కౌమ్ సొంతంగా పెట్టుకున్న బళ్ల సంగతి, సర్కారీ బడికి దీనితో ఏం పని అని మీరు అడగొచ్చు. పని ఉంది. అప్పుడు పిండి ఇచ్చినవాళ్లకు హిసాబ్ అడిగే ఖానూన్ లేదు. మనకు ఉంది. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తల్లిదండ్రులను బడి కమిటీలోకి తెచ్చే చట్టం వచ్చింది. 2010 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం, కమిటీలో నాలుగింట మూడొంతులు వాలిదైన్‌లే ఉండాలి. మొత్తంలో సగం మంది ఔరతులు ఉండాలి. బడి ఎలా నడుస్తోంది, గ్రాంటు దేనికి ఖర్చయింది అని చూడటం, బడి అభివృద్ధికి ప్లాన్ రాయడం వాళ్ల పనే. మైనారిటీ యాజమాన్యం నడిపే బళ్లలో ఈ కమిటీకి 2012 సవరణ సలహా ఇచ్చే పాత్ర మాత్రమే ఇచ్చింది. మన గల్లీలోని ఉర్దూ మీడియం సర్కారీ ఇస్కూలును కూడా చాలామంది ఆ లెక్కలోనే వేస్తారు. అది గలత్. అది సర్కారుది, అక్కడి కమిటీకి పూర్తి ఇఖ్తియార్ ఉంది.

కానీ ఎంతమంది వెళ్తున్నాం? కమిటీ ఎన్నిక రోజు మనవాళ్లు దుకాణం వదిలి రారు. ఉర్దూ టీచర్ పోస్టు ఖాళీగా ఉన్నా అడగరు. ఏడాది తర్వాత పిల్లల్లేరని బడి మూస్తే మాత్రం టీ కొట్టు దగ్గర కూర్చుని హుకూమత్‌ను తిడతారు. నేనూ తిట్టినవాణ్ణే.

మా అమ్మీ తిట్టలేదు, వెళ్లింది. 1998 చట్టం తర్వాత మా చెల్లెలు చదివే బడిలో ఆమెను కమిటీలోకి తీసుకున్నారు. ఉర్దూ, అది కూడా ఖురాన్ చదివేంత వరకే వచ్చు. రిజిస్టరేమో తెలుగులో. మొదటి మీటింగ్‌లో పెద్దసారు వేలు పెట్టి చూపించి, "ఇక్కడ సంతకం పెట్టమ్మా" అన్నాడట. "మా అబ్బాయి డిగ్రీలో తెలుగు చదువుతున్నాడు, వాణ్ణి తీసుకొస్తాను" అని లేచి వచ్చేసింది.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. నేను నిలబడి రిజిస్టర్ చదువుతూ ఉర్దూలో చెప్పాను. రెండు బెంచీలు రిపేరు చేసినట్టు రాసి ఉంది. అమ్మీ ఏమీ మాట్లాడలేదు. బుర్ఖా సర్దుకుని లేచి తరగతి గదిలోకి వెళ్లి బెంచీలు చూసింది. తిరిగొచ్చి, "ఒకటే బాగుచేశారు బేటా, ఒకటని రాయమను" అంది.

పెద్దసారు కొట్టేసి ఒకటని రాశాడు. అప్పుడు ఉర్దూలో, కుడి నుంచి ఎడమకు, మెల్లగా తన పేరు రాసింది.