మార్సెయ్‌లో రెండు రోజులు: ఒక లంగరు, కొన్ని బట్టల మూటలు

ఈసారి ఎపిసోడ్ కొంచెం వేరేగా ఉంటుంది. వచ్చే నెలలో ఒక శని, ఆదివారం నేను, నా రూమ్మేట్ కలిసి మార్సెయ్ వెళ్దామనుకుంటున్నాం. ఫ్రాన్స్‌కి దక్షిణాన, మధ్యధరా సముద్రం ఒడ్డున ఉన్న రేవు పట్నం అది. నేను చదువుకునేది లియోన్‌లో. అక్కడి నుంచి స్పీడ్ ట్రైన్ ఎక్కితే రెండు గంటల్లోపే దిగిపోవచ్చు. మావాడు అప్పుడే లిస్ట్ రాసేశాడు: బీచ్, కొండ మీద చర్చి, అక్కడి చేపల పులుసు, రీల్స్‌కి నాలుగు స్పాట్లు. నా లిస్ట్‌లో మాత్రం మొదట ఒక లంగరు ఉంది. ఒక పాత ఓడ లంగరు. "ఉన్నదే రెండు రోజులు, అందులో ఒక పూట ఇనుప ముక్క చూడ్డానికి పోగొడతావా?" అని వాడు విసుక్కున్నాడు. ఈ ఎపిసోడ్ వాడికి నా జవాబు అనుకోండి.

ముందు ఊరి గురించి రెండు ముక్కలు చెప్తాను. మార్సెయ్ వయసు దాదాపు 2600 ఏళ్లు. క్రీస్తుపూర్వం 600 ప్రాంతంలో, ఇప్పటి టర్కీ తీరంలో ఉన్న ఫొకేయా అనే ఊరి నుంచి గ్రీకు వర్తకులు వచ్చి కట్టుకున్న రేవు. అప్పట్లో వాళ్లు పడవలు కట్టేసిన చోటనే ఇవాళ పాత రేవు ఉంది. పొద్దున్నే వెళ్తే గట్టు మీద చేపలు అమ్ముతుంటారు. అక్కడికి దగ్గర్లోనే ఒక షాపింగ్ మాల్ ఉంది. 1967లో దాని కోసం తవ్వుతుంటే గ్రీకుల కాలం నాటి కోటగోడలు, పాత రేవు గట్లు బయటపడ్డాయి. వాటిని అలాగే ఉంచి పక్కన నగర చరిత్ర మ్యూజియం పెట్టారు. శనివారం పొద్దున మా మొదటి మజిలీ అదే. నేను చెప్పిన లంగరు ఉన్నది కూడా అక్కడే.

ఆ ఓడ పేరు గ్రాండ్ సెయింట్ ఆంటువాన్. 1720 మే 25న అది మార్సెయ్ చేరింది. సిరియా, లెబనాన్ తీరాల నుంచి పట్టు, పత్తి, బట్టల మూటలు నింపుకుని వచ్చింది. దారిలోనే మనుషులు చనిపోవడం మొదలైంది. మొదట ఒక ప్రయాణికుడు, తర్వాత వరసగా నావికులు, ఆఖరికి ఓడలో ఉన్న వైద్యుడు కూడా.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. మార్సెయ్ వాళ్లకి ప్లేగు అంటే తెలియక కాదు. అప్పటికి ఐరోపాలో బాగా పకడ్బందీగా ఉన్న క్వారంటైన్ పద్ధతుల్లో వాళ్లదీ ఒకటి. వచ్చే ప్రతి ఓడా బయల్దేరిన రేవు నుంచి ఆరోగ్య పత్రం తేవాలి. ఊరి బయట గోడలు కట్టిన ఒక ఆవరణ ఉండేది. మనుషుల్నీ సరుకునీ కొన్ని వారాలు అక్కడ ఆపి, గాలికి ఆరబెట్టి, అప్పుడే లోపలికి వదిలేవాళ్లు. బాగా అనుమానం ఉన్న ఓడనైతే ఊరి దగ్గరికే రానివ్వకుండా జార్ అనే దీవి దగ్గర ఆపాలి. రూల్ అది.

మరి ఈ ఓడని ఎందుకు ఆపలేదు? సరుకు విలువ లక్ష వెండి నాణేలు. జులైలో బోకేర్ అనే ఊళ్లో పెద్ద సంత జరుగుతుంది, సరుకు ఆలోపు చేరాలి. పైగా ఆ సరుకులో వాటా ఉన్నవాళ్లలో ఒకాయన ఊరి పాలకమండలి సభ్యుడు, జాన్ బాప్టిస్ట్ ఎస్టెల్. చావుల గురించి తెలిసినా, కాగితాలు మాత్రం సక్రమంగానే ఉన్నాయి. దాంతో మూటల్ని దీవికి పంపకుండా ఊరి పక్కనున్న ఆవరణలోనే దించారు. జూన్ 20న పాత పేటలో ఒకామె చనిపోయింది. అక్కడి నుంచి ఆగలేదు. ఆగస్టు చివరికొచ్చేసరికి రోజుకి వెయ్యి మంది దాకా పోయారు. దాదాపు లక్ష జనాభా ఉన్న ఊళ్లో సుమారు సగం మంది మిగల్లేదు.

ఇది చదువుతున్నప్పుడు నాకు మా తాతయ్య గుర్తొచ్చాడు. మా అమ్మమ్మ వాళ్లది పెడన, మచిలీపట్నం పక్కన. తాతయ్య కలంకారీ అద్దకం పని చేసేవాడు. చెక్క అచ్చు రంగులో ముంచి, బట్ట మీద పెట్టి పిడికిలితో ఒక్కటి వేస్తే, ఆ చప్పుడు వీధి దాకా వినబడేది. 2021 మేలో, సెకండ్ వేవ్ బాగా ఉన్నప్పుడు, మా చుట్టాల్లో ఒక పెళ్లి. వాయిదా వేద్దామా అని రెండు రోజులు తర్జనభర్జన పడ్డారు. "కార్డులు పంచేశాం, ఫంక్షన్ హాల్‌కి అడ్వాన్స్ ఇచ్చేశాం, ఇప్పుడెలా ఆపుతాం" అన్నారు. తాతయ్య వెళ్లాడు. పద్దెనిమిది రోజుల తర్వాత ఆయన లేడు. ఎవర్నీ తప్పుపట్టడానికి చెప్పట్లేదండీ. ఆ పెళ్లికి నేనూ వెళ్లాను, డాన్స్ కూడా చేశాను. బోకేర్ సంత గురించి చదివినప్పుడు మాత్రం, ఆ మాటలు నేను ఎక్కడ విన్నానో వెంటనే తెలిసిపోయింది.

ఆ బట్టల కథకీ మనకీ ఇంకో లింక్ ఉంది. గ్రాండ్ సెయింట్ ఆంటువాన్‌లో వచ్చింది మన సరుకు కాదు. కానీ అప్పటి ఫ్రాన్స్‌లో జనం ఎగబడి కొన్నది ఇండియా అద్దకం బట్టల్నే. వాటికి వాళ్లు పెట్టిన పేరే 'ఇండియన్లు'. ఉతికినా రంగు పోని పూల బట్టలు వాళ్లకి కొత్త. కోరమాండల్ తీరంలో ఆ బట్టలకి పేరున్న రేవుల్లో మచిలీపట్నం ఒకటి. 1669లో ఫ్రెంచి కంపెనీ అక్కడ వర్తక స్థావరం కూడా పెట్టింది. వాటిని చూసి మార్సెయ్‌లో 1648కే సొంతంగా అద్దడం మొదలుపెట్టారు. తమ పట్టు, ఉన్ని నేతగాళ్లు దెబ్బతింటున్నారని ఫ్రాన్స్ రాజు 1686లో ఆ బట్టల్ని నిషేధిస్తే, ఆ నిషేధం 1759 దాకా నడిచింది. జనం దొంగచాటుగా కొంటూనే ఉన్నారు. ఇవాళ మార్సెయ్ వీధుల్లో ప్రొవాన్స్ బట్టలని టూరిస్టులకి అమ్మే పూల డిజైన్లు ఆ అద్దకాల వారసులే. అమ్మమ్మకి ఒకటి కొనాలి. చూసి ఏమంటుందో.

సరే, ప్లాన్‌లోకి వద్దాం. శనివారం మధ్యాహ్నం పానియే. పాత రేవు పక్కనే మిట్ట మీద సన్న సందులతో ఉండే పాత పేట. ప్లేగు మొదట చంపింది ఈ పేటల్లోని బీదవాళ్లనే. ఇక్కడికి దగ్గర్లోనే 1994లో ప్లేగు మృతుల్ని సామూహికంగా పూడ్చిన గోతిని తవ్వారు. ఆ పళ్లల్లోంచి శాస్త్రవేత్తలు ప్లేగు క్రిమి డీఎన్ఏ కూడా తీశారు. ఇంకొంచెం ముందుకెళ్తే లా టూరెట్ అనే మేడ లాంటి గట్టు వస్తుంది. సూర్యాస్తమయం ఫొటోలకి మంచి స్పాట్ అని మావాడి లిస్ట్‌లో ఉన్నది ఇదే. 1720 సెప్టెంబరులో ఇక్కడ వెయ్యికి పైగా శవాలు ఎండలో కుళ్లుతుంటే, నికొలా రోజ్ అనే ఆయన సైనికుల్నీ ఖైదీల్నీ వెంటబెట్టుకుని దిగి శుభ్రం చేయించాడు. ఆ పనికి దిగినవాళ్లలో బతికి బయటపడ్డవాళ్లు చాలా తక్కువ.

ఈ రేవు పక్కనే మరో గాయం కూడా ఉంది. 1943లో జర్మన్ సైన్యం, ఫ్రెంచి పోలీసులు కలిసి ఈ పాత పేటలో 20,000 మందికి పైగా జనాన్ని ఇళ్లలోంచి వెళ్లగొట్టారు. వందల మంది యూదుల్ని శిబిరాలకి పంపారు. తర్వాత సుమారు 1500 ఇళ్లు పేల్చేశారు. రేవు ఒడ్డున వరసగా కనిపించే కొత్త అపార్ట్‌మెంట్లు ఆ ఖాళీలో లేచినవే.

ఆదివారం పొద్దున పాత రేవు నుంచి పడవ ఎక్కి ఇఫ్ కోటకి. అలెగ్జాండర్ డ్యూమా నవలలో మాంటీక్రిస్టో ఖైదీగా ఉండేది ఇక్కడే. నిజంగా ఉన్న ఖైదీల్లో ఒకడు మన ఓడ కెప్టెన్, షటో. ప్లేగు తెచ్చాడని అతన్ని ఇక్కడ పెట్టి 1723 దాకా వదల్లేదు. సరుకులో వాటా ఉన్న ఎస్టెల్‌కి మాత్రం, ప్లేగులో ఊరికి సేవ చేశాడని రాజు ప్రభువుల హోదా ఇచ్చాడు. ఓడని జార్ దీవి దగ్గరికి తీసుకెళ్లి తగలబెట్టారు. మొదటి రోజే వెళ్లాల్సిన చోటికి అది ఆలస్యంగా చేరింది. 1978లో అక్కడే సముద్రం అడుగున దాని శిథిలాలు దొరికాయి. లంగరు అందులోదే.

మీరు వెళ్లేటట్టయితే ఒక చిట్కా: మిస్ట్రాల్ అనే ఈదురుగాలి లేచిందంటే పడవలు ఆపేస్తారు. కాబట్టి దీవుల టూర్‌ని ఆఖరి గంటకి ఉంచుకోవద్దు. గాలి బాగుంటే సాయంత్రం కొండ మీద చర్చికి వెళ్లండి. అక్కడి నుంచి ఊరు, రేవు, దీవులు అన్నీ కనిపిస్తాయి. గాంధీగారు 1931 సెప్టెంబరులో లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్తూ ఓడ దిగింది కూడా ఈ ఊళ్లోనే.

నిన్న రాత్రి ఈ స్క్రిప్ట్ మావాడికి చదివి వినిపించాను. వాడేమీ అనలేదు. కాసేపయ్యాక ఫోన్ తీసి, లిస్ట్‌లో బీచ్‌ని రెండో రోజుకి జరిపి, శనివారం పొద్దున అని రాసి పక్కన 'లంగరు' అని పెట్టాడు. పులుసు మాత్రం మానేది లేదట, నేనూ ఒప్పుకున్నాను.

వెళ్లొచ్చాక అక్కడ తీసిన వీడియోతో వస్తాను. ఉంటానండీ, జాగ్రత్త.