వేర్వేరు డ్రైవుల్లో విండోస్, లినక్స్

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అంతమాత్రాన మీ పాత డెస్క్‌టాప్ పారేయనక్కర్లేదు. రెండో డ్రైవ్ పెట్టి, అందులో ఉబుంటు వంటి లినక్స్ వేసుకోవచ్చు. కానీ ఒక చిక్కు ఉంది.

ఆన్ చేయగానే ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామే బూట్‌లోడర్. లినక్స్‌ను రెండో డ్రైవ్‌లో వేసినా, దాని బూట్‌లోడర్ ఒక్కోసారి విండోస్ డ్రైవ్‌లోని ఈఎఫ్ఐ విభాగంలో చేరుతుంది. రేపు ఆ డ్రైవ్ పాడైతే లినక్స్ కూడా మొదలవదు. అందుకే ఇలా చేయండి:

1. ఇండియా ఫోటోలు, ముఖ్యమైన ఫైళ్ళు బయటి డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. బిట్‌లాకర్ వాడుతుంటే రికవరీ కీ రాసిపెట్టుకోండి.
2. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి. అది ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు.
3. కంప్యూటర్ ఆపి, కరెంటు వైరు తీసి, విండోస్ డ్రైవ్ ఊడదీయండి.
4. కొత్త డ్రైవ్ బిగించి, పెన్ డ్రైవ్ నుంచి లినక్స్ వేయండి.
5. పాత డ్రైవ్ మళ్ళీ తగిలించండి. ఆన్ చేస్తూ ఎఫ్12 (కొన్నింటిలో ఎఫ్8 లేదా ఎఫ్11) నొక్కి, కావలసిన డ్రైవ్ ఎంచుకోండి.

ఇక ఏ డ్రైవ్ పోయినా రెండోది పనిచేస్తుంది.