తరగతి నుంచి స్వీయసాధనకు: ఆదోని, ఎమ్మిగనూరు నేపథ్యంలో యోగాభ్యాస చరిత్ర - పరిశీలన

వ్యాససంగ్రహం:

హఠయోగ గ్రంథాలు యోగాభ్యాసాన్ని ఏకాంత సాధనగా నిర్దేశించాయి. నేడు అది ఎక్కువమందికి సామూహిక తరగతిలోనే పరిచయమవుతోంది. ఈ పరిణామాన్ని పశ్చిమ కర్నూలు ప్రాంతం నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. తరగతి స్వీయసాధనకు చేర్చే దశ మాత్రమేననీ, మగ్గం పని, వలస కూలి జీవనాధారమైన ఈ ప్రాంతంలో ఆ దశను దాటించడం సామాజిక అవసరమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆదోని, ఎమ్మిగనూరు, హఠయోగం, గరిడి, మైసూరు యోగశాల, స్వీయసాధన, చేనేత, వలస.

1. ఉపోద్ఘాతం:

ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1 వరకు మద్రాసు రాష్ట్రంలోని బళ్లారి జిల్లాలో అంతర్భాగం. ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరగా, బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. పరిపాలనా సరిహద్దు మారినా తెలుగు, కన్నడ సంస్కృతుల సమ్మేళనం ఈ ప్రాంతంలో కొనసాగింది. కాబట్టి ఇక్కడి శారీరక సాధనల చరిత్రను మైసూరు ప్రాంత చరిత్రతో కలిపి చదవడం సముచితం.

ఈ ప్రాంత ప్రజల వాడుకలో 'యోగి' అనే మాటకు ఆసనాలతో సంబంధం తక్కువ. 1671లో మంత్రాలయంలో బృందావన ప్రవేశం చేసిన రాఘవేంద్రస్వామి, ఆదోనిలో ఆలయం, ఏటా రథోత్సవం ఉన్న మహాయోగి లక్ష్మమ్మ అవ్వ ఈ మాటకు ప్రజల మనసులోని ప్రతీకలు. ఇక్కడ యోగి ఆరాధించదగిన వ్యక్తి. యోగాన్ని ఎవరైనా నేర్చుకోదగిన అభ్యాసంగా చూడడం ఆధునిక కాలపు పరిణామం.

2. ఏకాంత మఠిక, గరిడి:

స్వాత్మారాముని 'హఠప్రదీపిక' సాధకుడు చిన్న ద్వారం గల మఠికలో ఏకాంతంగా ఉండాలని చెబుతుంది. అందులో వివరించిన ఆసనాలు 15. తెలుగు ప్రాంతానికి చెందినవాడని సంపాదకులు భావించిన శ్రీనివాసభట్ట మహాయోగీంద్రుని 'హఠరత్నావళి' 84 ఆసనాలను పేర్కొంటుంది. ఈ గ్రంథాల్లో గురుశిష్య సంబంధం ఉంది, కాని నేటి అర్థంలో తరగతి లేదు.

సమూహంగా శరీరాన్ని తీర్చిదిద్దే పద్ధతి మరొకచోట ఉంది. తెలుగు, కన్నడ ప్రాంతాల్లో గరిడి, తాలింఖానా అని పిలిచే సాముశాలల్లో యువకులు గురువు ఎదుట కలిసి కసరత్తు చేసేవారు. మల్లవిద్య వృత్తిగా గల జెట్టీలను ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన తన కులవివరణ గ్రంథంలో తెలుగువారిగా పేర్కొన్నాడు. ఆసనాలతో ఒళ్లు విరుచుకోవడాన్ని జెట్టిసాముతో పోల్చి ఎద్దేవా చేసిన పద్యం ఒకటి వేమన పేర ప్రచారంలో ఉంది. ఆసనానికీ వ్యాయామానికీ పోలిక తెలుగు సమాజానికి ఎంతోకాలంగా తెలుసని ఈ పద్యం సూచిస్తుంది. వేమన ఆక్షేపించినది శరీరాన్ని కాదు, అంతర్దృష్టి లేని శరీరశ్రమను.

3. మైసూరు యోగశాల:

1933లో నాల్వడి కృష్ణరాజ ఒడయరు ఆదరణతో తిరుమలై కృష్ణమాచార్య మైసూరు జగన్మోహన ప్యాలెస్‌లో యోగశాల ప్రారంభించారు. అది 1950 వరకు నడిచింది. అక్కడ బాలురకు ఆసనాలను శ్వాసతో ముడిపెట్టి, వరుసక్రమంలో నేర్పారు. ఈ పద్ధతిపై మైసూరు జెట్టీల వ్యాయామ సంప్రదాయ ప్రభావం ఉందని ఎన్. ఇ. షోమాన్ 1996లో ప్రతిపాదించగా, ఆధునిక డ్రిల్లు, దేహదారుఢ్య ఉద్యమాల ప్రభావాన్ని మార్క్ సింగిల్టన్ 2010లో చర్చించారు. అయితే 'హఠాభ్యాసపద్ధతి'పై జేసన్ బర్చ్, సింగిల్టన్ 2019లో ప్రచురించిన అధ్యయనం, కదలికతో కూడిన ఆసనాలు ఆధునిక యుగానికి ముందే ఉన్నాయని చూపింది. అందువల్ల ఆసనాలన్నీ పాశ్చాత్య కసరత్తు నుంచి వచ్చాయనడం అతివ్యాప్తి అవుతుంది. కొత్తగా వచ్చింది ప్రధానంగా బోధనా రూపం: నిర్ణీత వేళ, నిర్ణీత స్థలం, ఒకే గురువు ఎదుట అనేకమంది.

4. తరగతి లోపలి స్వీయసాధన:

ఈ యోగశాల నుంచి వచ్చిన మూడు మార్గాలు తరగతికీ వ్యక్తికీ గల సంబంధాన్ని మూడు విధాలుగా పరిష్కరించాయి. పట్టాభి జోయిస్ మైసూరులో ప్రచారం చేసిన పద్ధతిలో అభ్యాసకులు ఒకే గదిలో ఉన్నా ఎవరి క్రమం వారిది. ఒక ఆసనం పట్టుబడ్డాకే గురువు తర్వాతిది నేర్పుతాడు. క్రమం కంఠస్థం కావడం వల్ల అభ్యాసకుడు గురువు లేనిచోట కూడా సాధన చేయగలడు. 1937లో పుణె చేరిన బి. కె. ఎస్. అయ్యంగార్ తరగతిలో సూక్ష్మమైన సవరణకు ప్రాధాన్యమిచ్చారు. కుర్చీ, తాడు, పట్టీ వంటి ఆధారాలతో ఆసనాన్ని శరీరానికి అనుగుణంగా మార్చారు. ఇక కృష్ణమాచార్య 1950ల నుంచి మద్రాసులో వ్యక్తి వయసు, ఆరోగ్యం, వృత్తి చూసి విడివిడిగా సాధన నిర్దేశించారు.

ఈ మూడింటిలో సమానమైన అంశం ఒకటే. గురువు అవసరం క్రమంగా తగ్గడమే బోధన ఫలించిందనడానికి గుర్తు. కర్ణాటక సంగీతంలో పాఠం వేరు, సాధకం వేరు. రాయలసీమ పల్లెల్లో చెక్కభజన గురువు కొంతకాలం ఊళ్లో ఉండి నేర్పి వెళ్లిపోతాడు, ఆ తర్వాత బృందం తనంతట తానే ఆడుతుంది. రుసుముతో నడిచే యోగా కేంద్రానికి మాత్రం ఇక్కడొక వైరుధ్యం ఉంది. అభ్యాసకుడు ప్రతినెలా తిరిగి రావడం కేంద్రానికి ఆర్థికావసరం. అతడు స్వతంత్రుడు కావడం బోధన లక్ష్యం.

5. ఆదోని, ఎమ్మిగనూరు: శ్రమ, వలస:

ఈ వైరుధ్యం పశ్చిమ కర్నూలులో మరింత తీవ్రం. ఎమ్మిగనూరు చేనేతకు ప్రసిద్ధి. మాచాని సోమప్ప కృషితో 1938లో ఇక్కడ చేనేత సహకార సంఘం ఏర్పడింది. గుంటమగ్గంపై నేతగాడు కాళ్లు గుంటలో పెట్టి కూర్చుని, ముందుకు వంగి గంటల తరబడి పనిచేస్తాడు. రోజంతా ముందుకు వంగే వెన్నుకు మరల ముందుకు వంచే ఆసనాలే ప్రధానమైన తరగతి సరిపోదు. ఆదోని పత్తి మార్కెట్టులో బరువులు మోసే హమాలీ శరీరం దీనికి భిన్నం. అందరికీ ఒకే వరుస నేర్పే తరగతి ఈ తేడాను గుర్తించలేదు.

రెండవది వలస. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, మంత్రాలయం పరిసర గ్రామాల వ్యవసాయ కూలీలు వర్షాలు ముఖం చాటేసిన ఏడు సుగ్గికి పోతారు. మిరపకోతకు గుంటూరు ప్రాంతానికి, కట్టడం పనులకు బెంగళూరు, హైదరాబాదులకు కుటుంబాలతో తరలిపోతారు. ఊళ్లోని తరగతి వారి వెంట వెళ్లలేదు. నేర్చి గుర్తుంచుకున్న పది నిమిషాల క్రమం మాత్రమే వెళ్లగలదు.

మూడవది ప్రభుత్వ కార్యక్రమాల స్వరూపం. ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరు 11న ఆమోదించిన తీర్మానం ప్రకారం 2015 నుంచి జూన్ 21న అంతర్జాతీయ యోగా దినోత్సవం జరుగుతోంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో 'యోగాంధ్ర' పేరిట నెలరోజులు శిక్షణ కార్యక్రమాలు నిర్వహించింది. జూన్ 21న విశాఖపట్నం సముద్రతీరంలో సుమారు 3 లక్షల మంది పాల్గొన్నారు. ఇటువంటి కార్యక్రమాలు యోగాన్ని సామాన్యుల చెంతకు చేర్చాయి. కాని వాటి రూపం డ్రిల్లుకు దగ్గర. వాటి విజయానికి హాజరు కొలమానం అయింది. మరునాడు ఇంటివద్ద చాప పరచుకున్నవారి సంఖ్య కొలతకు అందలేదు.

6. ముగింపు:

పై పరిశీలన వల్ల ఈ అంశాలు తేటతెల్లమవుతున్నాయి.

1. యోగ తరగతి ప్రాచీన ఏకాంత సాధనకు నేరుగా కొనసాగింపు కాదు. హఠయోగం, గరిడి, ఆధునిక వ్యాయామ విద్య కలిసిన కూడలిలో అది రూపుదిద్దుకుంది.

2. మైసూరు పద్ధతి సమూహంలో ఉంటూనే వ్యక్తిగత క్రమాన్ని అలవరచవచ్చని నిరూపించింది.

3. ఆదోని, ఎమ్మిగనూరు వంటిచోట్ల తరగతి ఒక చిన్న క్రమాన్ని అభ్యాసకునికి కంఠస్థం చేయించాలి. అతని వృత్తిని బట్టి దాన్ని మార్చాలి. సుగ్గి నుంచి తిరిగి వచ్చినప్పుడు సరిచూడాలి.

4. స్వీయసాధన పేరుతో మార్గదర్శనాన్ని పూర్తిగా తొలగించడం సరికాదు. తప్పుగా అలవడిన ఆసనాన్ని అభ్యాసకుడు తనంతట తాను గుర్తించడం కష్టం.

వేమన పేరిట నిలిచిన ఆక్షేపణకు నేటికీ సమాధానం అవసరం. ఆసనం సాముకంటే ఎక్కువ అని నిరూపించవలసింది వేదికమీది ప్రదర్శన కాదు. ఎవరూ లెక్కించని వేళ, మగ్గం దిగిన తరువాతో, మిరపచేను గట్టునో ఒక మనిషి తన శ్వాసను తానే గమనించుకోగలగడమే దానికి ప్రమాణం.