రెండో క్షణం ఎవరిది?

తొడిమ ఊడిన కాయ కింద పడుతుంది. బరువు ఆ మొదటి కదలికకే కారణం. రెండో క్షణం నుంచి కారణం వేగం. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు, తన తర్కసంగ్రహానికి తానే రాసుకున్న దీపిక అనే వ్యాఖ్యలో తేల్చిన మాట ఇది. పిల్లల చేతికిచ్చే చిన్న పుస్తకం కోసం పడే వస్తువును క్షణక్షణంగా విడదీసి చూశాడని తెలిసినప్పటి నుంచి నాకు వేరే ధ్యాస లేదు.

కాశీకి పోయినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు కాలేడని సామెత. ఆయన పేరు అంతటిది. అయినా ఈ ఒక్కచోట పైచేయి వైశేషిక పండితుడు ప్రశస్తపాదుడిదే. దాదాపు వెయ్యేళ్ళ ముందే ఆయన, రెండో క్షణం నుంచి బరువూ వేగమూ కలిసి పనిచేస్తాయన్నాడు. బరువు మధ్యలో తప్పుకోదన్నమాట. పడేకొద్దీ వడి ఎందుకు హెచ్చుతుందో చెప్పే కీలకం అక్కడే ఉంది. తరతరాల విద్యార్థులు వల్లించిన తర్కసంగ్రహం దారిలో ఆ 'బరువూ' జారిపోయింది. ఇంకా వెనక, వైశేషిక సూత్రాల్లో బాణం సంగతి ఉంది: మొదటి కదలిక తోపు వల్ల, ఆ తర్వాతది సంస్కారం (అంటే ఆ వేగమే) వల్ల, అది తీరాక బరువుతో నేలకు. ఇంతదాకా వచ్చినవాళ్ళు కొలతకు దిగలేదే అన్నది నా బాధ.

బలానికీ త్వరణానికీ లంకె చెప్పే కొలత 1687లో న్యూటన్‌తో వచ్చింది, అదీ మాటల్లో. సమీకరణాలుగా 1750లో రాసింది గణితజ్ఞుడు ఆయిలర్. బలం పెరిగితే త్వరణం పెరుగుతుంది, ద్రవ్యరాశి పెరిగితే తగ్గుతుంది. దంతాలపల్లి మీదుగా ఖమ్మం మార్కెట్‌కు పోయే మిర్చి లారీని స్పీడ్ బ్రేకర్ దాటాక చూడండి. ఖాళీగా 8 టన్నులు, బస్తాలతో 24 అనుకుంటే, అదే తోపుకు వడి మూడో వంతు చొప్పునే పుంజుకుంటుంది.

ఇంగ్లీషు గణితజ్ఞుడు జార్జ్ అట్‌వుడ్ 1784లో ఈ లెక్కను చేసి చూపడానికి గిరక వాడాడు. మన బావుల మీదా గిరకలుండేవి, బోర్లు పడ్డాక పోయాయి. తాడుకు ఒక కొసన 10 కిలోల బొక్కెన, రెండో కొసన 11 కిలోలది కట్టండి. లాగేది ఒక్క కిలో తేడా, కదలాల్సింది 21 కిలోలు. గిరక బరువూ రాపిడీ వదిలేస్తే, త్వరణం ఊరికే పడే వస్తువుకుండే 9.8లో 21వ వంతు. ఊరికే వదిలితే రెండు సెకన్లలో 19.6 మీటర్లు పడే బొక్కెన ఇక్కడ మీటరు కూడా దిగదు; గడియారం పట్టుకుని తీరిగ్గా కొలుచుకోవచ్చు.